గట్టు మీద నుంచి చెప్పిన టైము

ఆవిడ పోయాక బందరులో చెల్లెలి ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూటం పెట్టారు. పాస్టరు గారు లేచి, ఆవిడ అవనిగడ్డ దగ్గర పల్లెలో పుట్టారనీ, గుడివాడలో ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పారనీ, ఎన్ని పనులున్నా ఆదివారం ఆరాధన మానలేదనీ చెప్పారు. "ఆరోగ్యం మీద కూడా శ్రద్ధ ఉన్న సహోదరి, సైకిలు తొక్కేవారు" అని ఒక్క మాట కలిపారు. తర్వాత మైకు నా చేతికి వచ్చింది. బడిలో అందరికంటే దగ్గరగా మసిలినదాన్ని కదా, రెండు మాటలు చెప్పమన్నారు. "టైమంటే టైమే అండి ఆవిడకి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా ఒప్పుకునేవారు కాదు" అన్నాను. అని మైకు దించేశాను. అందరూ దుఃఖం అనుకున్నారు. ఎవరో మంచినీళ్ళ సీసా అందించారు. మైకు పక్కవాళ్ళకిచ్చేసి కూర్చున్నాను.

దుఃఖం ఒక్కటే అయితే ఇది రాసేదాన్ని కాదు.

మాది గుడివాడలో ఒక ప్రైవేటు హైస్కూలు. ఆవిడ లెక్కలు, నేను తెలుగు. ఆవిడ నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. తోటి టీచర్లని పేర్లతో పిలిచే అలవాటు ఆవిడకి లేదు. సబ్జెక్టుతో పిలిచేది. "సైన్సు గారు రాలేదా ఇవాళ?" "హిందీ గారికి జ్వరమంట." నేను చిన్నదాన్ని కాబట్టి నాకు ఆ 'గారు' కూడా ఉండేది కాదు. వరండా ఆ చివర నుంచి "తెలుగూ!" అని కేక వేసేది. పిల్లలు నవ్వేవాళ్ళు. నేను మొదట్లో మేడం అన్నాను, తర్వాత అక్కా అన్నాను.

పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకి వంచి, ఎవరో పిలుస్తుంటే వెళ్తున్నట్టు గబగబా నడిచేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "కుదరలేదండీ" అని, మళ్ళీ అడిగితే "కుదరలేదని చెప్పాగా" అనేది. పేపర్లు దిద్దడంలో ఆవిడ దగ్గర జాలి ఉండేది కాదు. ముప్పై అయిదుకి పాస్ అయితే, ముప్పై నాలుగు వచ్చిన పిల్లకి ముప్పై నాలుగే. తల్లిదండ్రులు వచ్చి బతిమాలితే హెడ్మాస్టరు గారు కూడా ఆవిడ వైపు దీనంగా చూసేవారు. "ఆ ఒక్క మార్కూ నేను వేస్తే అది నా మార్కవుతుంది కానీ పిల్ల మార్కు కాదు కదండీ" అనేది. ఏడుస్తున్న పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తన క్యారేజీలో అన్నం పెట్టి, ఆ లెక్క మళ్ళీ చేయించేది. మార్కు మాత్రం మారేది కాదు.

నలభై దాటిన ఏడాది బీపీ ఉందని డాక్టరు మాత్రలు రాసిచ్చి, నడవమన్నాడు. నడక నాలుగు నెలల్లో పరుగయింది. పరుగు నుంచి సైకిలు మీదికి వెళ్ళింది. ఒకరోజు స్టాఫ్ రూములో ఫోను నా ముందు పెట్టి ఒక వీడియో చూపించింది. సముద్రంలో నుంచి జనం పరుగెత్తుకుంటూ వచ్చి, తడి బట్టలతోనే సైకిళ్ళెక్కి వెళ్ళిపోతున్నారు.

"మూడూ ఒకే రోజు చెయ్యాలంట తెలుగూ. పంతొమ్మిది వందల మీటర్లు ఈత, తొంభై కిలోమీటర్లు సైకిలు, ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగు. ఒకదాంట్లో తగ్గినా మూడూ కలిపితే పాసైపోతామేమో అనుకున్నా. కాదంట. ఏ సబ్జెక్టుకి ఆ సబ్జెక్టు పాసవ్వాలంట. ఈత డెబ్బై నిమిషాల్లో అవ్వకపోతే సైకిలు ముట్టుకోనివ్వరు."

"మీకు ఈత వచ్చా అక్కా?"

"రాదు" అంది. "మాది దివిసీమ కదా. ఉప్పెనలో మా అమ్మ ఇద్దరు తమ్ముళ్ళని పోగొట్టుకుంది. మేము ఆ తర్వాత పుట్టిన పిల్లలం. మమ్మల్ని పంటకాలవ గట్టు కూడా ఎక్కనిచ్చేది కాదు. నీళ్ళు మోకాలు దాటితే ఇప్పటికీ వెనక్కొచ్చేస్తాను."

"మరి ఇదెందుకక్కా?"

"ఎందుకో తెలిస్తే మానేసేదాన్నే" అంది నవ్వుతూ.

ఆడమనిషి ఈత నేర్చుకోవాలంటే మా దగ్గర ఎక్కడ? కాలవలో మగవాళ్ళు, గేదెలు. ఎండాకాలం వస్తే కాలవలు కట్టేస్తారు, అడుగున బురద. చివరికి ముదినేపల్లి రోడ్డులో చేపల చెరువులున్న ఒక పెద్దాయన దొరికారు. ఆయన కూతురికి పదో తరగతిలో ఆవిడ లెక్కలు చెప్పింది. ఆ గౌరవంతో, చేపపిల్లల్ని పెంచే చెరువు ఒకటి ఆవిడకి వదిలారు. పెద్ద చెరువుల్లో కోళ్ళ ఎరువు వేస్తారు కాబట్టి దురదలొస్తాయని, ఇందులో అయితే నీళ్ళు కాస్త తేటగా ఉంటాయని ఆయనే చెప్పారు. మేమిద్దరం ఆయన్ని బాబాయి గారూ అనేవాళ్ళం.

"నువ్వు నాతో రావాలి" అంది ఆవిడ నాతో.

"నాకు ఈత రాదక్కా!"

"మంచిది. నేను మునిగితే గట్టు మీద కూర్చుని అరవడానికి ఈత రానక్కర్లేదు."

అలా వారానికి మూడు రోజులు, తెల్లవారగానే నా స్కూటీ మీద వెళ్ళేవాళ్ళం. బాబాయి గారు రెండు ఖాళీ నూనె డబ్బాలకి తాడు కట్టి ఆవిడ చంకల కింద పెట్టించారు. మొదటి పదిహేను రోజులూ ఆవిడ ఆ డబ్బాలని కౌగలించుకుని నిలబడటం తప్ప ఏమీ చెయ్యలేదు. నీళ్ళు గుండెల దాకా వచ్చేసరికి పెదాలు నల్లబడేవి. పైకెక్కి, తుండు కప్పుకుని, చల్లారిపోయిన ఇడ్లీ తింటూ "ఇవాళ బొడ్డు దాటాను, చూశావా" అనేది. నీళ్ళలోకి దిగే ముందు ప్రతిసారీ ఒకటే ప్రార్థన. "ప్రభువా, దాటించు." అంతే. కళ్ళు కూడా మూసుకునేది కాదు.

మూడో నెలలో డబ్బాలు వదిలేసింది. బాబాయి గారు తాడు పట్టి కొలిచారు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నూట తొంభై మీటర్లు. పది తడవలు తిరిగితే పందెం దూరం. ఆవిడకి ఎక్కడలేని సంతోషం వచ్చింది. "పంతొమ్మిదో ఎక్కం తెలుగూ!" అంది. అప్పటి నుంచి ఒక్కో గట్టు తాకినప్పుడల్లా నీళ్ళలో నుంచి తల ఎత్తి అరిచేది. "పంతొమ్మిది మూళ్ళు యాభై ఏడు!" మళ్ళీ మునిగి వెళ్ళిపోయేది. అటు గట్టున ఉన్నప్పుడు కేక సన్నగా వినిపించేది. చెరువు మీద కొంగలు వాలకుండా కట్టిన తీగలు గాలికి ఊగుతుండేవి. బాబాయి గారి మనుషులు పక్క చెరువుల్లో మేత సంచులు వెదుళ్ళకి కడుతూ, ఆ కేక వినిపించగానే పని ఆపి ఇటు చూసేవాళ్ళు.

ఆవిడకి కుడి వైపు తల తిప్పితేనే ఊపిరి అందేది. ఎడమ పక్కకి ఎంత ప్రయత్నించినా రాలేదు. అందుకని ఎప్పుడూ వంకరగా పోయేది. "తిన్నగా గీత గియ్యడం ఇరవై ఏళ్ళుగా పిల్లలకి నేర్పుతున్నా, నా వల్ల కావట్లేదు చూడు" అనేది.

బయటివాళ్ళకి ఈ కసరత్తు అంతా మెట్లెక్కినట్టు అనిపిస్తుంది. రోజూ ఒక మెట్టు, చివరికి మేడ. నేను చూసింది అది కాదు. రెండు వారాలు బాగా సాగేది. మూడో వారం జ్వరం. లేదా ఆఖరి పరీక్షల పేపర్లు మూడు వందలు. లేదా భుజం. మళ్ళీ చెరువులోకి దిగితే నెల కిందటి టైము కంటే ఆరు నిమిషాలు ఎక్కువ. ఆ ఆరు నిమిషాలు తగ్గించుకోవడానికి ఇంకో నెల. తగ్గాయనుకునేసరికి చెరువులో చేపపిల్లల్ని పట్టడానికి నీళ్ళు తీసేసేవారు. ఎండాకాలంలో ఆదివారం ఆరాధన అయ్యాక సైకిలు మీద పామర్రు, మొవ్వ, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళొచ్చేది. పోయేటప్పుడు సముద్రపు గాలి ఎదురు కొట్టేది. వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది కదా అనుకుంటే, వచ్చే వేళకి గాలి పడిపోయి ఉక్కపోసేది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉండేది. ఒకసారి మొవ్వ దగ్గర ధాన్యం మీద జారి పడింది. మోచేయి చెక్కుకుపోయింది. రైతు పరుగెత్తుకొచ్చాడంట. "నాకేం కాలేదండీ, మీ వడ్లు చెదిరాయి" అని, సైకిలు పక్కన పడేసి అతనితో పాటు కూర్చుని ఎత్తి పోసి వచ్చింది. సోమవారం ఆ కట్టుతోనే బోర్డు మీద లెక్క చేసింది.

మొదటిసారి విశాఖలో పోటీకి ఒక్కతే వెళ్ళింది. సగం దూరంలోనే పడవ వాళ్ళు ఆవిడని నీళ్ళలో నుంచి తీసేశారు. తిరిగొచ్చి "అల వచ్చినప్పుడల్లా మా అమ్మ గుర్తొచ్చింది" అంది. మరుసటి ఏడాది నేను కూడా వెళ్ళాను. ఈసారి పూర్తిగా ఈదింది. ఇసుకలోకి మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి, లేచి, సైకిళ్ళ వైపు పరుగెత్తబోయింది. పసుపు టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకతి అడ్డం వచ్చింది.

"సారీ ఆంటీ, ఎనభై మూడు నిమిషాలైంది. కటాఫ్ అయిపోయింది."

పాల్గొన్నవాళ్ళ టైము లెక్కపెట్టడానికి చీలమండకి ఒక పట్టీ కడతారు. ఆ అమ్మాయి ఇసుకలో కూర్చుని ఆవిడ కాలికున్న పట్టీ విప్పుతోంది. ఆవిడ, నగ ఊడదీయించుకునే మనిషిలా, కాలు కదపకుండా నిలబడింది. పట్టీ చేతికొచ్చాక ఆ అమ్మాయితో "థాంక్స్ అమ్మా, నువ్వు పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?" అని అడిగింది. నేను అవతలికి తిరిగి ఏడ్చాను.

తిరుగు రైల్లో అంది.

"ఒక పని చేద్దాం తెలుగూ. చలికాలం వెళ్ళేదాకా చేస్తాను. తర్వాత ఒకరోజు పెట్టుకుని చెరువులో పది తడవలు వేస్తాను. డెబ్బై దాటితే మానేస్తాను. పూర్తిగా. సైకిలు కూడా ఎవరికన్నా ఇచ్చేస్తాను. ఇలా ఎన్నాళ్ళు? భుజం రోజూ పీకుతోంది. పిల్లలకి కూడా సరిగ్గా చెప్పలేకపోతున్నాను."

"ఒట్టా?"

"లెక్కల మీద ఒట్టు."

అది ఫిబ్రవరిలో ఒక రెండో శనివారం. బడి లేదు. మంచు పట్టి అటు గట్టు కనిపించడం లేదు. కాసేపు ఆగుదామంటే వినలేదు. ఆవిడ వాచీలో నీళ్ళు దూరి అంతకుముందే పాడైంది, అందుకని టైము ఎప్పుడూ నా ఫోనులోనే. బాబాయి గారు పంపు షెడ్డు దగ్గర టీ కాస్తున్నారు. "ప్రభువా, దాటించు" అని దిగింది.

నాలుగో తడవ దాకా నాకు ఆశ ఉంది. అయిదో తడవలో ఆవిడ చెయ్యి నీళ్ళలో నుంచి లేవడం నెమ్మదించింది. ఎనిమిదో తడవలో గట్టు తాకి, కేక వెయ్యడానికి ఊపిరి చాలక వేళ్ళు చూపించింది. తొమ్మిదో తడవ మంచులోకి వెళ్ళిపోయాక నేను ఫోనే చూస్తున్నాను. అరవై అయిదు. అరవై ఎనిమిది. డెబ్బై. డెబ్బై దాటాక కూడా అంకెలు ఆగకుండా తిరుగుతున్నాయి. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది కానీ మనిషి కనిపించడం లేదు. తర్వాత మంచులో నుంచి నల్లటి తల వచ్చింది, వంకరగా, ఎడమకి లాగుతూ. గట్టు తాకేసరికి డెబ్బై నాలుగు నిమిషాల అయిదు సెకన్లు.

బురదలో బోర్లా పడి ఉంది. భుజం పట్టేసి లేవలేకపోతోంది. తల మాత్రం ఎత్తి నా మొహంలోకి చూసింది. ఇరవై ఏళ్ళుగా ఎంతమంది పిల్లలు మార్కుల కోసం ఆవిడని అలా చూశారో!

"ఎంత?"

నేను ఫోను ఆపేశాను. "అరవై తొమ్మిది" అన్నాను.

"నిజంగా?"

"అరవై తొమ్మిదీ నలభై."

ఫోను చూపించమని అడగలేదు. అడిగి ఉంటే చూపించేదాన్ని. మొహం బురదలో పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. బాబాయి గారు టీ గ్లాసులతో వచ్చి, ఆవిణ్ణి చూసి, నన్ను చూశారు. ఆయనకి నేనేమీ చెప్పలేదు. ఒకరోజు సంతోషంగా ఉంటుంది, ఈలోపు తనే అలిసిపోయి మానేస్తుంది అనుకున్నాను. అంతకంటే ఏమనుకున్నానో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

ఆవిడ మానలేదు. పాసైన మనిషి ఎందుకు మానుతుంది? ముందు వారానికి మూడు రోజులు దిగేది, ఇప్పుడు అయిదు రోజులు. భుజం నొప్పి తగ్గడానికి ఒక మాత్ర, మోకాలికి ఒక మాత్ర. మా వీధి చివర మందుల షాపు ఉంది కాబట్టి మొదట్లో షీట్లు నేనే తెచ్చాను. తర్వాత తనే డబ్బాలు కొనుక్కుంది. పొద్దున ఒకటి, పరుగు ముందు ఒకటి, పడుకునే ముందు ఒకటి. బీపీ మాత్రలు మాత్రం ఆపేసింది. "ఇంత కసరత్తు చేస్తుంటే ఇంకా బీపీ ఏంటి!" అనేది. ఒకటి రెండుసార్లు "కాస్త తగ్గించండక్కా" అన్నాను.

"ఇప్పుడెలా తగ్గిస్తా? చెరువులో అరవై తొమ్మిదీ నలభై వచ్చింది. సముద్రంలో ఇంకో మూడు నిమిషాలు పోయినా దాటకూడదు కదా. నీకు తెలుసుగా."

ఆ మాట అప్పటి నుంచి ఆవిడ ఊతపదమైంది. నీకు తెలుసుగా.

మూడోసారి పోటీకి వెళ్ళినప్పుడు సముద్రం బాగా పోటు మీద ఉంది. ముందు రోజే గాలి మొదలైంది. పొద్దున్నే ఎర్ర జెండా పాతేశారు. ఈత రద్దు, సైకిలూ పరుగూ మాత్రమే అని మైకులో చెప్పారు. చుట్టూ కొంతమంది చప్పట్లు కొట్టారు. ఈత భయం ఉన్నవాళ్ళు అయి ఉంటారు. ఆవిడ ఈత కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని, అలలు విరుగుతున్న చోటే చూస్తూ నిలబడింది. నేను గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. సముద్రం నన్ను కాపాడింది అనుకున్నాను. అంత నీచమైన సంతోషం నా జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదు.

మిగతా రెండూ పూర్తి చేసింది. ఆఖరి వరసలోనే అయినా, టైములోనే. మెడలో పతకం వేశారు. సోమవారం బడిలో ప్రార్థన సమయంలో హెడ్మాస్టరు గారు శాలువా కప్పారు. పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టారు. దిగి నా పక్కకి వచ్చి నిలబడి, చెవిలో అంది.

"ఇది చెల్లదు తెలుగూ. మూడు పేపర్లలో ఒకటి రాయకుండా పాసు చేసినట్టు. ఈతలో పాసయ్యేదాన్ని, రాయనివ్వలేదు. నీకు తెలుసుగా."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆ వారం కాదు, పోనీ పై వారం. ఆవిడ మళ్ళీ ఏడాదికి పేరు ఇచ్చేసింది.

వానాకాలంలో పాదాలు వాచాయి. చెప్పులు పట్టడం లేదని హవాయి చెప్పులతో బడికొచ్చింది. నీళ్ళలో ఎక్కువ ఉండటం వల్లేమో అనుకున్నాం. తర్వాత మొహం. ఒకరోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ కుర్చీలో కూలబడింది. విజయవాడ తీసుకెళ్తే రెండు కిడ్నీలూ దాదాపు పోయాయన్నారు. చాలా కాలంగా ఉన్న బీపీ, పైగా మందులు మానేశారు, దానికి తోడు ఈ నొప్పి మాత్రలు అన్నాడు డాక్టరు. దేని వాటా ఎంతో చెప్పలేమన్నాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని "సుమారుగా అయినా చెప్పండి డాక్టరు గారూ" అని అడిగింది.

బడి మానేసి బందరులో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. సైకిలు ఆ ఇంటి వరండాలో గోడకి ఆనించి ఉండేది. నేను ప్రతి రెండో శనివారం బస్సులో వెళ్ళేదాన్ని. చేతులు సన్నబడి, పొట్ట ఉబ్బి, మనిషి రంగు మారిపోయింది. రోజుకి ఇన్నే నీళ్ళు తాగాలని చెల్లెలు చిన్న సీసాలో కొలిచి పెట్టేది. ఒక గుక్క తాగి, మూత బిగించి, సీసా వెలుతురులో పెట్టి ఎంత మిగిలిందో చూసుకునేది.

అయినా మాటల్లో హుషారు మాత్రం పూర్తిగా చావలేదు. ఆసుపత్రిలో పక్క మంచం మీద పెడన నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉండేవాడు. నేను వెళ్ళినప్పుడు ఆయనకి నన్ను పరిచయం చేసింది.

"చెప్పానే, చెరువులో పంతొమ్మిది వందల మీటర్లు అరవై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లలో ఈదానని. ఈవిడేనండీ టైము చూసింది. సాక్షి."

"అబ్బో, అలాగా అమ్మా!" అన్నాడాయన, ట్యూబులున్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో నాకు దణ్ణం పెడుతూ.

నర్సుకి కూడా ఆ అంకె తెలుసు. ఆవిడ చెల్లెలి పిల్లలకీ తెలుసు.

నాకు నిద్ర పట్టడం మానేసింది. అన్నం ముందు కూర్చుంటే ఆ అంకె కనిపించేది. ఒకరోజు చెరువు దగ్గరికి వెళ్ళి బాబాయి గారికి ఉన్నదంతా చెప్పాను.

"నేనారోజే అనుకున్నానమ్మా. ఆవిడ గట్టు తాకేసరికి టీ రెండుసార్లు కాగింది" అన్నారు. తర్వాత, "ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు? ఉండనియ్యి. ఆవిడకి ఇంకేముంది?"

"నేను మొయ్యలేకపోతున్నాను బాబాయి గారూ."

"మొయ్యమ్మా" అన్నారు. "నువ్వు ఆరోగ్యంగా ఉన్నావు. మొయ్యగలవు."

ఆ మాట వినవలసింది. వినలేదు. క్షమాపణ అడిగితే ఆవిడ క్షమిస్తుందనీ, ఇద్దరం ఏడుస్తామనీ, తర్వాత తేలిక పడతాననీ ఊహించుకుంటూ బస్సెక్కాను. గుడ్లవల్లేరు, పెడన, బందరు. దారంతా మాటలు కూర్చుకున్నాను.

డయాలసిస్ లేని రోజు. వెనక గదిలో మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. నన్ను చూడగానే "తెలుగూ, వచ్చావా! తొమ్మిదో తరగతికి లెక్కలెవరు చెప్తున్నారు?" అంది. కొత్తగా వచ్చినతని గురించి చెప్పాను. చెల్లెలు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

"అక్కా, నేను మీకు ఒక అబద్ధం చెప్పాను."

ఆవిడ నా వైపు చూసింది.

"ఆ రోజు చెరువులో. అరవై తొమ్మిది కాదక్కా."

కూర్చుకున్న మాటలేవీ రాలేదు. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. అలాగే అడిగింది.

"ఎంత?"

"డెబ్బై నాలుగు."

"సెకన్లు?"

"అయిదు."

కళ్ళు పైకప్పు మీదికి వెళ్ళాయి. పెదాలు కదిలాయి. బోర్డు ముందు నిలబడి నోటిలెక్క చేసేటప్పుడు అలాగే కదిలేవి.

"రెండు వందల నలభై అయిదు సెకన్లు ఎక్కువ" అంది. "తడవకి ఇరవై నాలుగున్నర. చాలా తేడా. రెండు మూడు నెలల్లో పోయే తేడా కాదు. సముద్రంలో అసలు కాదు." అని ఆగి, "మానేసి ఉండేదాన్ని" అంది.

"తెలుసక్కా. అందుకే. నన్ను..."

"ఇప్పుడెందుకు చెప్పావు?"

నేను ఏడుస్తున్నాను. మొయ్యలేకపోయానని అన్నాననుకుంటాను. ఆవిడ కోప్పడలేదు. చెయ్యి నా తల మీద వేస్తుందేమోనని ఒక్క క్షణం ఎదురు చూశాను కూడా. ఆవిడ సీసా తీసుకుని మూత తిప్పింది. తాగకుండానే మళ్ళీ బిగించి పక్కన పెట్టింది.

"నా దగ్గర అదొక్కటే ఉంది" అంది. నాతో అన్నట్టు లేదు.

చెల్లెలు టీ తెచ్చింది. నేను తాగాను. ఎలా తాగానో తెలియదు. ఆవిడ అటు తిరిగి పడుకుంది. నిద్ర పట్టిందేమో అనుకుని నెమ్మదిగా లేచాను.

పై నెల రెండో శనివారం మళ్ళీ వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. చెయ్యి మిషనుకి కట్టి ఉంది. పక్క మంచం ఖాళీగా ఉంది. పెడన పెద్దాయన పోయాడని నర్సు చెప్పింది. నేను ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాను. ఆవిడ నన్ను చూసి, మర్యాదగా నవ్వింది.

"ఎండలో వచ్చారా? బస్సు దొరికిందా?"

నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"దొరికిందక్కా" అన్నాను.

"బళ్ళో అందరూ బాగున్నారా? పరీక్షలు ఎప్పటి నుంచండీ?"

చెప్పాను. పిల్లల సంగతి, హెడ్మాస్టరు గారి సంగతి, వానల సంగతి అడిగింది. అన్నిటికీ చెప్పాను. గంట సేపు అలాగే మాట్లాడుకున్నాం, రైల్లో పక్కపక్క సీట్లలో కూర్చున్నవాళ్ళలా. ఈత మాట రాలేదు. 'నీకు తెలుసుగా' అనలేదు. ఒక్కసారైనా తెలుగూ అంటుందేమోనని చూశాను. అలాగే కూర్చుని, ఇక బస్సు టైమైందని లేచాను.

"మంచిదండీ. శ్రమపడి వచ్చారు" అంది ఆవిడ. "జాగ్రత్తగా వెళ్ళండి, మేడం."